మూడో కమాను

మా ఇంట్లో ఏ వస్తువూ చోటు మారదు. పెళ్లయి నాచారం వచ్చిన కొత్తలో నీళ్ల డ్రమ్మును తలుపు పక్క నుంచి జరిపి కిటికీ కింద పెట్టాను, వంటకు దగ్గరగా ఉంటుందని. సాయంత్రం మా అత్తమ్మ సాలమ్మ పని నుంచి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎవల్నడిగి జరిపినవే దాన్ని? ఎక్కడిదక్కడుండాలె."

కొంగు బిగించి ఆమే డ్రమ్మును మళ్లీ పాత చోటుకు ఈడ్చింది. చాదస్తం అనుకున్నాను. తర్వాత మెల్లమెల్లగా ఒక్కొక్కటీ కంటపడ్డాయి. మా ఆయన ఉపేందర్ చెప్పులు ఎప్పుడూ గడపకు ఎడమ పక్కనే ఉంటాయి. గుమ్మం మీది బల్బు పొద్దు వాలకముందే వెలగాలి. అది కాలిపోతే అత్తమ్మ తినే అన్నం ముందు నుంచి లేచి కొత్తది తెప్పిస్తుంది. చీకటి పడ్డాక ఆయన బండి తీయడు. చర్లపల్లిలో కంపెనీ పని దొరికితే రాత్రి డ్యూటీ వేసిన వారమే మానేశాడు. సూపర్‌వైజర్‌తో పడలేదని చెప్పాడు.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. ఆయన మంచం మీద కూర్చుని నీళ్లడిగాడు. వీధిలో నుంచి వచ్చే వెలుతురులో నాకు ఆయన ముఖం కనిపిస్తూనే ఉంది. చెంబు తీసుకెళ్లి ఆయన ముందు పట్టుకున్నాను. ఆయన చేయి చాపలేదు. నేను ఏమీ అనకుండా అలాగే నిలబడ్డాను.

"మానసా, నీళ్లడిగితి గదనే" అన్నాడు, నాకు కొంచెం పక్కగా గోడను చూస్తూ.

మా ఊరి బడిలో ఏడో తరగతి సైన్సు పాఠంలో ఉండేది, రేచీకటి. ఆకుకూరలు, బొప్పాయి, క్యారెట్ అని సారు మా అందరిచేత ఒక్క గొంతుతో చెప్పించేవాడు. మర్నాటి నుంచి మా ఇంట్లో రోజూ పాలకూరో తోటకూరో ఉండేది. కొన్నాళ్లకు ఆయనే, "ఏందే, మేకను జేస్తున్నవా నన్ను?" అన్నాడు. నవ్వాను. అది ఆకుకూరతో పోయేది కాదని అప్పటికే అర్థమైంది.

వాళ్లది గంగపుత్రుల ఇల్లు. మామయ్య, మామయ్య తండ్రి, అందరూ చేపలు పట్టి బతికినవాళ్లే. ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. పొద్దుగూకాక ఇంటి మగవాళ్లు నీళ్ల మీద ఉండకూడదు. అది గంగమ్మ నిద్రపోయే వేళ, లేపితే కోపమొస్తుందట. వాడలో మిగతా ఇళ్లవాళ్లు రాత్రి వలలు వేసినా వీళ్లు వేయలేదు. ఆ మాట అత్తమ్మ గొప్పగా చెప్పుకునేది. ఒకరోజు ఆమె చేటలో బియ్యం ఏరుతుంటే అడిగాను.

"అత్తమ్మా, మామయ్యకు గూడ చీకట్ల కనబడకపోయేదా?"

ఆమె వేళ్లు బియ్యంలోనే ఆగిపోయాయి.

"అది గంగమ్మ కట్టుబాటు" అంది. కాసేపటికి, తల ఎత్తకుండానే, "ఇంటి గుట్టు బజార్ల వెట్టుకుంటరా బిడ్డా?" అంది.

అప్పటి నుంచి నేను కూడా డ్రమ్మును జరపలేదు.

*

నాచారం వైపు నుంచి ఉప్పల్ వైపు పోయే పాత దారి మా చెరువును రెండు ముక్కలు చేస్తుంది. ఆ దారి మీద రాతి వంతెన ఉంది, దాని కింద ఐదు కమాన్లు. నాచారం పక్క నుంచి చూస్తే మూడో కమాను ఒక్కటే పడవ దాటడానికి పనికొస్తుంది. మొదటిదీ చివరి రెండూ బురదతో పూడిపోయాయి. రెండోది చూడ్డానికి మూడోదానికంటే వెడల్పుగా, బాగా ఉంటుంది. కానీ ఎప్పుడో వంతెనకు మరమ్మతు చేసినవాళ్లు అక్కడ ఇనుప చువ్వలను నీళ్లలో నిలువునా వదిలేసి పోయారు. ఎండాకాలం అవి బయటపడతాయి, పాత గుడ్డలూ పాలిథిన్ కవర్లూ చుట్టుకుని. వానలు పడ్డాక నీటికి జానెడు లోపల దాక్కుంటాయి.

ఆ చెరువులో బోటింగు నడిపేది జనార్ధనరావు సార్. మోటారు బోటు ఉపేందర్ చేతిలో ఉండేది. ఎక్కేవాళ్లకు లైఫ్ జాకెట్లు తొడిగి పట్టీలు బిగించడం, సాయంత్రం వాటిని కడిగి ఆరేయడం నా పని. పొద్దుగూకే లోపలే గేటు మూసేవాళ్లం. అందుకే ఆ పని ఆయనకు సరిపోయింది. గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుందో, గాలి ఎటు మళ్లిందో ఆయన నీటి రంగు చూసి చెప్పేవాడు. వంతెన మీది నుంచి జనం పూజ పూలు కవర్లలో కట్టి విసురుతారు. ఆ దారాలు మోటారు పంకాకు చుట్టుకుంటే పడవ ఆగిపోతుంది. వంతెన దగ్గరికి రాగానే ఆయన వేగం తగ్గించి ముందు నీళ్లను చూసేవాడు, తర్వాతే ముందుకు పోయేవాడు. పగటిపూట ఆయన పడవ నడుపుతుంటే చూడడం నాకు ఇష్టం.

బతుకమ్మ పండుగకు వారం ముందు సార్ వచ్చాడు.

"ఉపేందర్, పండుగ దినాలల్ల పొద్దుగూకినంక గూడ ఒక ట్రిప్పు తిప్పుదాం. ఉప్పల్ దిక్కు గట్టు మీద బతుకమ్మలు, దీపాలు, అన్నీ నీళ్ల మీద నుంచి సూస్తే ఎట్లుంటది! మస్తు జనమొస్తరు."

"వస్తరు సార్."

"లైట్లు పెట్టిస్త. ముంగట ఎడమకు ఎర్రది, కుడికి పచ్చది, ఎనుక తెల్లది. అంత పద్ధతి ప్రకారమే. నీకు భయం లేదు గద?"

"నీళ్లల్ల పుట్టినోన్ని సార్. భయమేంది."

నేను జాకెట్ పట్టీ చేతిలో పట్టుకుని ఆయన్నే చూస్తున్నాను. ఆయన నావైపు చూడలేదు. అప్పుడు పట్టపగలు.

ఆ రాత్రి ఇంట్లో అన్నాను.

"సార్‌కు చెప్పు."

"ఏమని? గుడ్డోన్నని చెప్పాల్నా?"

"గుడ్డోనివి గాదు. రాత్రి కనబడదని చెప్పు."

"వాళ్లకు రెండొకటేనే. బోటు నడిపేటోని కండ్లల్ల దోషముందంటే పగటిపూట మాత్రం ఎవడెక్కుతడు? కంపెనీ పాయె. బండి మీద తిరిగే పని రాత్రిళ్లే ఎక్కువ, అది నాతోని గాదు. మా నాయిన పని ఇదొక్కటి దొరికింది నాకు. ఇది గూడ నీ నోటితోని తీస్తవా?"

మూలన కూర్చున్న అత్తమ్మ, "గంగమ్మ నిద్ర చెడగొట్టకు కొడకా" అంది.

"అవ్వా, ఈ చెరువు వాసనకు గంగమ్మకు నిద్ర ఎప్పుడో పోయింది" అన్నాడాయన. అత్తమ్మకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

మర్నాడు ఆయన సార్‌ను ఒకటి అడిగాడు. మూడో కమాను నెత్తిన, వంతెనకు ఇటు వైపు ఒకటి, అటు వైపు ఒకటి, పచ్చ బ్యాటరీ లాంతర్లు కట్టించమన్నాడు. రేపు ఇంకెవరు నడిపినా గుర్తుంటుందని. సార్ చాలా సంతోషపడి, ఆ రోజే కట్టించాడు.

"నల్లగుడ్డ మీద గుండీ లెక్క కనబడ్తది నాకు" అన్నాడు ఇంటికి వచ్చాక. "చుట్టుపట్టు ఏముందో తెల్వది. గుండీ మాత్రం కనబడ్తది. దాన్నే ముక్కుకు సూటిగ పెట్టుకోని పోత. నువ్వు ఫికర్ జేయకు."

*

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాటి నుంచి ట్రిప్పులు మొదలయ్యాయి. పడవ కదలగానే ఆయన లోపలి లైట్లు ఆర్పేసేవాడు. ఎవరైనా అడిగితే, లోపల వెలుగుంటే బయట ఏమీ కనబడదని చెప్పేవాడు. అది నిజమే, ఎవరికైనా అంతే. మెల్లగా పోయేవాడు, మెల్లగా వచ్చేవాడు. జనానికి ఆ నెమ్మది నచ్చింది. "ఉపేందర్ లెక్క జాగ్రత్తగల్ల డ్రైవర్ దొరకడు" అని సార్ అందరితో అనేవాడు. అది విన్నప్పుడల్లా నేను పోయి జాకెట్ల పట్టీలు మళ్లీ ఒకసారి చూసుకునేదాన్ని.

నేను గట్టు మీద కూర్చుని పడవ దీపాలను చూసేదాన్ని. చూడగా చూడగా అవి మాట్లాడేది తెలిసింది. తెల్లది ఒక్కటే కనబడితే పడవ పోతోందని. ఎర్రది ఒక్కటే కనబడితే తన ఎడమ పక్క మనకు చూపిస్తూ పక్కకు మళ్లిందని. ఎర్రదీ పచ్చదీ రెండూ ఒక్కసారి కనబడితే తిన్నగా మన మీదికే వస్తోందని. రోజూ ఆ రెండూ కనబడేదాకా నా చేతులు జాకెట్లు మడతపెడుతూనే ఉండేవి. మధ్యలో అలిగిన బతుకమ్మ నాడు ఆట లేదు కాబట్టి ట్రిప్పూ లేదు. ఆ ఒక్క రాత్రి నాకు అన్నం రుచి తెలిసింది.

చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, పొద్దుండగానే నేను పేర్చిన బతుకమ్మను నీళ్లలో వదిలాను. పని ఉన్నదాన్ని, అందరితో కలిసి ఆడేందుకు వీలు కాలేదు. ఖాళీ తాంబాలాన్ని టికెట్ గదిలో పెట్టి వచ్చేసరికి వంతెన మీద నిచ్చెనలు కనిపించాయి. బస్తీ యూత్ పిల్లలు గోడ పొడుగునా సీరియల్ లైట్లు కడుతున్నారు. కమాన్ల మీదికి తోరణాల్లాగా వేలాడదీస్తున్నారు. నిలువెత్తు బతుకమ్మ బొమ్మ ఒకటి, అంతా బల్బులే, తాళ్లతో బయటికి దించుతున్నారు. మధ్యలో కెమెరా స్తంభం అడ్డమని దాన్ని రెండో కమాను మీద కట్టారు.

ఉపేందర్ మోటారులో పెట్రోలు చూసుకుంటున్నాడు.

"వంతెన మీద లైట్లు కడ్తున్నరు" అన్నాను.

"పండుగ. కడ్తరు."

"నీ పచ్చ దీపం వాటిల్ల కలిసిపోతే?"

"నా దీపం నాకు తెల్వదా? జనమొస్తున్నరు, పో, జాకెట్లు సూడు."

"నేను గూడ వస్త. ముంగట కూసుంట."

ఆయన గొంతు తగ్గించాడు. "రోజు రానిదానివి ఇయ్యాల ఎందుకొస్తున్నవని అడుగుతరు. ఏం చెప్తవు? అసలు నీకు జాగేది, ఒకల్ని దింపాల్నా?"

నిజంగానే పడవ నిండింది. హబ్సిగూడ నుంచి ఒక పెద్ద కుటుంబం వచ్చింది. అందరిలో పెద్దామె పేరు సూర్యకళ అని వాళ్ల మాటల్లో తెలిసింది. భర్త రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైర్ అయ్యాడట. నేను పట్టీ బిగిస్తుంటే ఆమె ముఖం చిట్లించింది.

"ఏమ్మా, మరీ ఇంత బిగించేశావు, ఊపిరాడొద్దూ?"

"ఉండనియ్యున్రమ్మా. వదులుంటే నీళ్లల్ల జాకెట్ పైకొస్తది, మనిషి కిందికి పోతది."

"పండగపూట ఏం మాటలమ్మా అవి!" అంది. కానీ తన మనవరాలు సిరిని నా ముందుకు తోసి, "దీనికి ఇంకో ముడి వెయ్యి" అంది. ఆ పిల్లకు జాకెట్ మోకాళ్ల దాకా వచ్చింది. రెండు ముళ్లు వేశాను.

పడవ కదిలింది. లోపలి లైట్లు ఆరాయి. "అయ్యో, చీకట్లో ఫోటోలెలా?" అన్న సూర్యకళ గొంతు నీళ్ల మీద నుంచి వినిపించింది. ఆయన ఏదో చెప్పాడు, అందరూ నవ్వారు. తెల్ల దీపం దూరమైంది. ఆ దూరాన మూడో కమాను మీద పచ్చ లాంతరు ఒంటరిగా వెలుగుతోంది. ఇవాళ కూడా అయిపోతుంది, అనుకున్నాను.

పడవ చెరువు మధ్యకు చేరింది. అప్పుడు వంతెన మీద జనరేటర్ మోగింది. వంతెన మొత్తం ఒక్కసారిగా వెలిగింది.

ఎర్రవి, నీలివి, పచ్చవి, ఆరుతూ వెలుగుతూ పరుగెత్తే దీపాలు. గట్టు మీద జనం ఓ అని అరిచారు. రెండో కమాను మీద నిలువెత్తు బతుకమ్మ వెలిగింది. దాని అడుగున తాంబాలం కోసం, ఆకుల కోసం, పచ్చ బల్బులు గుత్తులుగా పెట్టారు. చెరువులో అన్నిటికంటే పెద్ద పచ్చ వెలుగు అదే. మా లాంతరు కోసం వెతికాను. రెండు కండ్లూ బాగున్న నాకే దొరకలేదు.

పడవ వేగం తగ్గింది. ఆయన ఆలోచిస్తున్నాడని తెలిసింది. ఆ కాసేపు, వెనక్కి తిప్పు, వెనక్కి తిప్పు అని నాలో నేనే అనుకున్నాను. ఆయన తిప్పలేదు. తెల్ల దీపం మళ్లీ ముందుకు కదిలింది.

నేను పరుగెత్తాను.

*

వంతెన మీద బండ్లు ఆపేశారు. ఆడవాళ్లు తలల మీద బతుకమ్మలతో ఉప్పల్ గట్టుకు పోతున్నారు. పెద్ద పెద్ద స్పీకర్ డబ్బాల్లో పాటలు. వాళ్లను తప్పించుకుంటూ, ఎవరి కాలో తొక్కి, ఎవరితోనో తిట్లు తిని, రెండో కమాను మీదికి వచ్చి గోడ మీద నుంచి వంగి చూశాను.

పడవ కనిపించలేదు, దీపాలే కనిపించాయి. ఎడంగా ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. రెండూ కనిపిస్తున్నాయి. రెండూ సమంగా. తిన్నగా నా మీదికే, నా కాళ్ల కిందికే వస్తున్నాయి.

అరిచాను. నా అరుపు నాకే వినబడలేదు. ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. నడిపేటప్పుడు ఆయన ఫోన్ ఎత్తడు. అది కూడా ఆయన జాగ్రత్తే.

విక్రమ్ అనే అబ్బాయి మా సందులోనే ఉంటాడు. యూత్‌కు వాడే పెద్ద. డబ్బాల పక్కన నిలబడి చేతులు ఊపుతున్నాడు. భుజం పట్టి లాగాను.

"తమ్మీ, లైట్లు బందు జెయ్! జర సేపు!"

"ఏంది వదినా?"

"లైట్లు! బోటొస్తంది!"

"మంచిగొస్తంది గదా వదినా, రానీ, వీడియో తీసుకో!" అని పండ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

ఇంక వాణ్ని అడగలేదు. గోడ వెంబడి పోయే వైరును చేత్తో పట్టుకుని, అది ఎటు పోతే అటు పోయాను. వంతెన చివర ఆటో ట్రాలీలో జనరేటర్ ఉంది. పక్కన చెక్క బోర్డులో అన్నీ కలిసిన లావు ప్లగ్గు ఒకటి ఉంది. రెండు చేతులతో పట్టి పీకాను.

లైట్లు పోయాయి. పాట పదం మధ్యలో తెగిపోయింది. కాసేపు చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత ఆడవాళ్ల గొంతులు వచ్చాయి.

"వాయె! సద్దుల నాడు గూడ కరెంటు తీసిరి!"

"ఎవడే గది? వాని చేతులిరుగ!"

నేను గోడ దగ్గరికి పరుగెత్తాను. చీకట్లో, మూడో కమాను నెత్తిన, పచ్చ లాంతరు ఒక్కటే ఉంది. బ్యాటరీది కదా, దానికి జనరేటర్‌తో పని లేదు.

కింద మోటారు చప్పుడు వినిపించింది. బాగా దగ్గర. అది ఒక్కసారిగా ఆగిపోయింది. ఆయనే ఆపాడు. పడవ మోటారు లేకుండా జారుతోంది, గాలి దాన్ని వంతెన వైపే తోస్తోంది. పడవలో పిల్ల ఏదో అడిగింది. "కూసోండ్రి, ఎవలు లేవకున్రి" అన్న ఆయన గొంతు స్పష్టంగా వినిపించింది. ఎర్రదీ పచ్చదీ ఇంకా రెండూ నా వైపే చూస్తున్నాయి.

మోటారు చిన్నగా మళ్లీ మోగింది. పడవ పచ్చ దీపం సన్నగిల్లింది. సన్నగిల్లి మాయమైంది. ఎర్రది ఒక్కటే మిగిలింది.

ఎర్ర దీపాన్ని చూసి నా ప్రాణం లేచి వచ్చింది. పడవ మళ్లింది. నా కాళ్ల కింది నుంచి పక్కకు, మూడో కమాను వైపు పోతోంది. అడుగున ఏదో రాసుకున్న చప్పుడు, ఇనుము మీద ఫైబర్ గీరిన చప్పుడు, ఒక్క క్షణం వినిపించింది. సూర్యకళ "రామా" అంది. తర్వాత మోటారు చప్పుడు కమాను కిందికి పోయి గుహలోలాగా మోగింది.

దారి దాటి అవతలి గోడ దగ్గరికి పోయాను. కింద నుంచి తెల్ల దీపం బయటికి వచ్చింది. మెల్లగా దూరమైంది.

"పిస్స లేసిందా వదినా నీకు?" విక్రమ్ వెనక నిలబడి రొప్పుతున్నాడు. నా ముఖం చూశాక, "ముందుగాల చెప్తే నేనే బందు జేస్తుంటి గదా" అన్నాడు.

"చెప్పిన."

"పాటల్ల ఇనబడలే" అని తల గీరుకున్నాడు. పడవ గట్టు చేరేదాకా లైట్లు వేయనన్నాడు.

*

గట్టు మీది దీపాలే గుర్తుగా పోయి, ఉప్పల్ వైపు మెట్ల దగ్గర ఆయన అందరినీ దింపేశాడు. నేను పోయేసరికి జనార్ధనరావు సార్ కూడా కారులో చుట్టూ తిరిగి వచ్చాడు. పడవ మూతిని గట్టు మీదికి లాగించి, అడుగు టార్చితో చూసి టార్చి ఆర్పేశాడు. పొడుగునా గీత పడింది, చిల్లి పడలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. సిరి జాకెట్ విప్పనంటోంది.

"ఆ లైట్లు ఆర్పిందెవరో గానీ చల్లగా ఉండాలి" అంది సూర్యకళ. "అబ్బాయి కళ్లు చెదిరిపోయుంటాయి. నాకే ఏమీ కనపళ్లేదు, అంత జిగేలుమంటుంటే."

"నా తప్పే అమ్మా" అన్నాడు సార్. "వంతెన మీద లైట్లు వద్దని నేను చెప్పాలె. ఎవలికైన గట్లనే ఐతది. మానసా, ఆర్పింది నువ్వేనని విక్రమ్ చెప్పిండు, మంచి పని జేసినవ్ బిడ్డా. రేపటి సంది అక్కడ ఒక్క బల్బుండది, నేను మాట్లాడ్త. దసరా నాడు ఎక్కువ ట్రిప్పులు తిప్పుదాం, పున్నమి దాకా రోజు తిప్పుదాం."

అంతా సరిపోయింది. తప్పు లైట్ల మీదికి పోయింది. నేను ఏమీ అనక్కర్లేదు. ఇంటికి పోయి అన్నం తిని పడుకోవచ్చు. రేపు మళ్లీ రెండు ముళ్లు వేసి ఇంకో పిల్లను ఎక్కించవచ్చు.

"శభాష్ ఉపేందర్" అని సార్ చేయి చాపాడు.

ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. సార్ గొంతు వచ్చిన వైపు ముఖం పెట్టి, చేతులు రెండూ పక్కకు వదిలేసి. సార్ చేయి అలాగే గాలిలో ఉంది. కరెంటు పోయిన నాడు నా చేతిలోని చెంబులాగా. ఎవరూ ఏమీ అనుకోలేదు. "పాపం, బాగ భయపడ్డట్టున్నడు" అని సార్ చేయి వెనక్కి తీసుకోబోయాడు.

"సార్, ఈయనకు మీ చెయ్యి కనబడలే" అన్నాను.

"మానసా" అన్నాడాయన.

"పొద్దుగూకినంక ఈయనకు కనబడది సార్. దీపముంటే దీపం కనబడ్తది, గంతే. పగటిపూట ఈయన లెక్క నడిపేటోళ్లు ఈ చెరువుల లేరు. రాత్రి మాత్రం తిప్పియ్యకున్రి."

సూర్యకళ మనవరాలిని దగ్గరికి లాక్కుంది. పిల్ల నేల మీదే ఉంది, అయినా లాక్కుంది. సార్ ఆయన వైపు చూశాడు, తర్వాత వంతెన మీది లాంతరు వైపు చూశాడు.

"గది అందుకేనా కట్టిచ్చినవ్?"

అవతల ఎవరో ప్లగ్గు పెట్టినట్టున్నారు, వంతెన మళ్లీ రంగురంగులుగా వెలిగింది. పాట ఆగిన చోటు నుంచి కాకుండా మొదటి నుంచి వచ్చింది.

"తాళంచెవి ఇయ్యి" అన్నాడు సార్. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "రేపు పొద్దుగాల మాట్లాడుదాం. ఏం జేయాల్నో నాకు గూడ తెలుస్తలేదు."

ఉపేందర్ జేబులోంచి తాళంచెవి తీసి చాపాడు, సార్‌కు కొంచెం పక్కగా. సార్ ఒక అడుగు జరిగి దాని కిందికి తన చేయి తెచ్చుకున్నాడు.

*

వంతెన దాటి నాచారం గట్టుకు వచ్చేదాకా జనం, వెలుగులు. ఆయన నా ముందు నడిచాడు. టికెట్ గదిలో నా తాంబాలం ఉంటే తీసుకున్నాను. దానికి బంతిపువ్వు రేకు ఒకటి అంటుకుని ఉంది.

"ఇప్పుడు సల్లబడ్డదా నీ కడుపు?" అన్నాడు గేటు దాటాక.

"ఆ పిల్ల పడవల ఉంది."

"నేను లేనా పడవల?"

"నువ్వున్నవనే ఉరికిన."

ఆయన విసవిసా నడిచాడు. దీపాలున్నంతవరకు ఎవరూ ఆయన్ను అనుమానించలేరు. అంత సూటిగా నడుస్తాడు. కంపెనీల గోడ పక్కన సందు మలుపు తిరగ్గానే రెండు స్తంభాలకు బల్బులు లేవు. వాన నీళ్లకు గుంటలు పడ్డ దారి. ట్రిప్పులు మొదలైనప్పటి నుంచి రోజూ మేము అక్కడికి వచ్చేసరికి ఆయన మాటల్లో పడి నా భుజం మీద చేయి వేసేవాడు, ప్రేమగా వేసినట్టు. నేనూ అలాగే అనుకునేదాన్ని.

వెలుగు ఎక్కడ ఆగిపోయిందో అక్కడ ఆయన ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. నన్ను పిలవలేదు. గోడ అవతల ఏదో మిషను ఆడుతోంది. దూరంగా బతుకమ్మ పాటలు వినిపిస్తున్నాయి.

నేను దగ్గరికి పోయి పక్కన నిలబడ్డాను. భుజం అందేంత దగ్గరగా. ఆయన చేయి లేవలేదు.

"అవ్వకు ఏం చెప్తవ్?" అన్నాడు చీకట్లోకి చూస్తూ.

"నువ్వే చెప్పు. ఆమెకు కొత్త ముచ్చట గాదు."

తర్వాత ఆయన చేయి గాలిలో కొంచెం వెతికింది. నా చేతికి తగిలింది, వెనక్కి పోయింది. మళ్లీ వచ్చి తాంబాలం అంచును పట్టుకుంది.

నేను ఇటు అంచు పట్టుకున్నాను. "ముంగట గుంత ఉంది" అన్నాను. ఆయన విన్నట్టు లేడు, కానీ అడుగు పొడుగ్గా వేశాడు.